ఏం పని చేస్తావు పెద్దాయనా?

మా రోజుల్లో ఛాతీ ఎక్స్‌రే అంటే ఒక పూట పని. ఇప్పుడు అరనిమిషం. బొమ్మ తీయడం అలా ఉంచండి, ఆ బొమ్మలో క్షయ ఛాయలున్నాయో లేదో కంప్యూటరే చెప్పేస్తోంది. నేను ప్రభుత్వాసుపత్రుల్లో ఎక్స్‌రే టెక్నీషియన్‌గా చేసి రిటైరైన వాణ్ణి. కృత్రిమ మేధ వైద్యాన్ని మార్చేస్తుందని రోజూ పేపర్లో రాస్తున్నారు. మా విభాగంలో అది ఇప్పటికే వచ్చి కూర్చుంది. వచ్చినందుకు నాకు సంతోషమే. అది వచ్చిన సందట్లో, మేం ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేసిన పనులు కొన్నిటిని ఇక అక్కర్లేదని పక్కన పడేస్తున్నారు. నా గొడవంతా వాటి గురించే.

క్యాసెట్టులో ఫిల్ము ఎక్కించాలన్నా దించాలన్నా చీకటి గది. ఎర్రబల్బు ఒక్కటే వెలుతురు. తీసిన ఫిల్మును హ్యాంగరుకు బిగించి డెవలపర్ ట్యాంకులో ముంచాలి. మందు 20 డిగ్రీల దగ్గరుంటే ఐదు నిమిషాలు. ఒంగోలు ఎండల్లో మే నెల కుళాయి నీళ్ళే చురుక్కుమంటుంటే 20 డిగ్రీలు ఎక్కణ్ణుంచి వస్తాయి? ఐసు గడ్డ తెప్పించి, పాలిథిన్ సంచిలో కట్టి ట్యాంకులో వేలాడదీసేవాళ్ళం. సంచి చిల్లి పడితే మందు పలచబడి ఆ రోజు ఫిల్ములన్నీ బూడిద రంగులో వచ్చేవి. ఆపైన నీళ్ళలో కడిగి, హైపోలో వేసి, మళ్ళీ పారే నీళ్ళలో కడిగి, తీగ మీద ఆరేయాలి. డాక్టరుగారికి తొందరైతే తడి ఫిల్మునే, నీళ్ళు కారుతుండగా, వ్యూబాక్సు మీద పెట్టి చూసేవారు.

ప్రతి ఫిల్మూ స్టాకు రిజిస్టరులో లెక్క. పాడైతే సంజాయిషీ రాయాలి. అందుకని ఒక్కసారే తీయాలి, సరిగ్గా తీయాలి. ఆ భయమే మాకు పని నేర్పింది. మనిషిని నిలబెట్టడంలోనే మా విద్యంతా ఉంది. చొక్కా విప్పించి, ఛాతీని క్యాసెట్టుకు ఆనించి, గడ్డం పైకెత్తించి, చేతులు నడుం మీద పెట్టించి భుజాలు ముందుకు తోయించాలి. అలా తోయకపోతే రెక్క ఎముకలు ఊపిరితిత్తుల మీదికొస్తాయి. “గాలి పీల్చు, ఇంకా పీల్చు, బిగబట్టు” అంటే దగ్గుతో వచ్చినవాడు బిగబట్టలేడు. వట్టినే రెండు మూడు సార్లు చేయించి, వీలు కుదిరిందనిపించాకే బటన్ నొక్కాలి. ఆడవాళ్ళయితే జడను నడినెత్తికి చుట్టించేవాళ్ళం. నూనె రాసిన తడి జడ భుజం మీద పడి ఉంటే, దాని నీడ సరిగ్గా ఊపిరితిత్తి కొసన మచ్చలా కనబడుతుంది. క్షయ ఎక్కువగా పట్టుకునేదీ ఆ పై కొసనే. జడ నీడను జబ్బనుకుని నెలల తరబడి మందులు మింగించే ప్రమాదం ఉంది మరి. తాళి తీయనంటే తీయమని ఎవరం బలవంతపెట్టలేదు. గొలుసును పైకెత్తి గడ్డం కింద పట్టుకోమనేవాళ్ళం.

ఇప్పుడు బొమ్మ బాగా రాకపోతే చెరిపేసి ఇంకోటి తీస్తున్నారు. లెక్క అడిగేవాడు లేడు. డిజిటల్ ప్లేటుకు ఖర్చు లేకపోవచ్చు, తగిలే రేడియేషన్ ప్రతిసారీ మనిషికే కదా. మా మెడలో సీసపు ఆప్రాన్, జేబుకు టీఎల్‌డీ బ్యాడ్జి ఉండేవి. ఆ బ్యాడ్జి మీద ఎంత పడిందో కొలిచి చెప్పేవారు. రోగికి ఎంత పడిందో కొలిచే బ్యాడ్జి ఎప్పుడూ లేదు, మా మనస్సాక్షి తప్ప. ఇంకొకటి: తీసిన ఎక్స్‌రేను కాగితం మీద ప్రింటు తీసి చేతిలో పెడుతున్నారు, లేదా కంప్యూటర్ తెరను సెల్‌ఫోనుతో ఫొటో తీసుకుని వాట్సాప్‌లో పంపుకోమంటున్నారు. ట్యూబులైటు మెరుపు పడ్డ ఆ ఫొటోను చూసి ఇంకో ఊళ్ళో ఇంకో డాక్టరు మందు రాస్తాడు. అంత మంచి మిషను కొని, చివరికి ఇలాగా చూసేది?

అన్నీ పాతవే మేలని నేననను. మా కాలంలో రేడియాలజిస్టు అంటే పెద్దాసుపత్రిలో ఉండే మనిషి. తాలూకా ఆసుపత్రిలో ఫిల్ము తీసి కవర్లో పెట్టి బస్సులో పంపితే, రిపోర్టు తిరిగొచ్చేసరికి వారం, పది రోజులు. ఈలోపు ఆ మనిషి కూలికి వలస వెళ్ళిపోయేవాడు. రిపోర్టులు రోగుల కోసం ఎదురుచూస్తూ బీరువాలో పడి ఉండేవి. కళ్ళె పరీక్ష సంగతీ అంతే. గాజు పలక మీద కళ్ళె పూసి, రంగు వేసి, మైక్రోస్కోపులో ఎర్రటి పుల్లల్లాంటి క్రిములు వెతకాలి. మిల్లీలీటరు కళ్ళెలో వేల సంఖ్యలో క్రిములుంటే తప్ప ఆ కంటికి దొరకవు. తొలిదశలో ఉన్నవాళ్ళు ‘నెగెటివ్’ చీటీ పట్టుకుని ఇంటికెళ్ళిపోయేవారు. ఆ చీటీ పట్టుకుని వెళ్ళి, ఏడాది తిరక్కుండా రక్తం కక్కుకుంటూ తిరిగొచ్చిన వాళ్ళను నా చేతులతో పట్టుకుని నిలబెట్టి ఎక్స్‌రే తీశాను. అందుకే ఈ కొత్త యంత్రాన్ని చూసి మూతి ముడుచుకోలేను.

2019 నుంచి 2021 దాకా దేశమంతటా క్షయ సర్వే ఒకటి జరిగింది. అందులో తేలిన ఒక లెక్క నా నిద్ర పోగొట్టింది. బయటపడ్డ క్షయ రోగుల్లో నూటికి 42.6 మంది ఎక్స్‌రే వల్లనే దొరికారు. దగ్గు, జ్వరం లాంటి లక్షణాలు అడిగి మాత్రమే పరీక్ష చేసి ఉంటే వాళ్ళంతా జారిపోయేవారు. లక్షణాలున్న వాళ్ళలో సగం మందికి పైగా అసలు ఏ డాక్టరు గడపా తొక్కలేదని కూడా ఆ సర్వేనే చెప్పింది. ఆసుపత్రిలో కూర్చుని రోగి కోసం చూసిన మా పద్ధతి చాలదని అర్థం. ఊరూరా తిరిగి, ఆరోగ్యంగా కనిపించే వాళ్ళకూ ఎక్స్‌రే తీయాలి. అన్ని లక్షల బొమ్మలు చదివే రేడియాలజిస్టులు మనకెక్కడున్నారు? ఆ ఖాళీలోకే ఈ సాఫ్ట్‌వేర్ వచ్చింది. ముంబయిలో 2016లో పెట్టిన క్యూర్ డాట్ ఏఐ లాంటి కంపెనీలు వీటిని తయారుచేశాయి. 15 ఏళ్ళు, ఆపై వయసు వాళ్ళ ఛాతీ ఎక్స్‌రేల్లో క్షయను జల్లెడ పట్టడానికి డాక్టరు బదులు ఇలాంటి సాఫ్ట్‌వేర్ వాడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసింది. 15 ఏళ్ళ లోపు పిల్లలకు ఆ సిఫారసు వర్తించదు. క్యాంపుల్లో పనిచేసే కుర్ర టెక్నీషియన్లకు ఈ మాట గట్టిగా చెప్పాలి, తల్లులు చంటిబిడ్డలను కూడా వరసలో నిలబెడుతున్నారు.

2024 డిసెంబరు 7న దేశంలో వంద రోజుల క్షయ కార్యక్రమం మొదలయ్యాక మా వైపు కూడా క్యాంపులు పెరిగాయి. పంచాయతీ ఆఫీసు వరండాలో పెట్టిన ఒక క్యాంపుకు నేనూ వెళ్ళాను. చేత్తో పట్టుకునే ఎక్స్‌రే మిషను, పెద్ద కెమెరా అంత ఉంటుంది, బ్యాటరీతో నడుస్తుంది. ఎదురుగా స్టాండుకు పలచటి ప్లేటు. పక్కన ల్యాప్‌టాప్. మనిషి నిలబడ్డాడు, టిక్కుమంది, తెర మీద బొమ్మ పడింది. కాసేపటికి ఆ బొమ్మ మీద ఎడమ పక్కన పైన ఎరుపు, పసుపు రంగులు అలుముకున్నాయి, కింద ఒక అంకె వచ్చింది. చీకటి గదిలో చేతులు పగిలేలా పనిచేసినవాణ్ణి, చూస్తూ నిలబడిపోయాను. మా కాలంలో ఇదే ఉంటే ఎంతమంది బతికేవారో!

అయితే ఆ అంకె ఏమిటో అక్కడ ఎవరికీ తెలియదు. అది చెప్పాల్సిన విషయం. లక్షల కొద్దీ పాత ఎక్స్‌రేలను, ఇది జబ్బుది, ఇది కాదు అని గుర్తులు పెట్టి యంత్రానికి చూపిస్తారు. వాటి పోలికలు పట్టుకుని, కొత్త బొమ్మ జబ్బు బొమ్మలకు ఎంత దగ్గరగా ఉందో అది ఒక అంకెలో చెబుతుంది. ఎంత అంకె దాటితే అనుమానించాలన్నది మనుషులు పెట్టే గీటు. గీటు కిందికి దించితే జబ్బున్నవాళ్ళు ఎక్కువమంది దొరుకుతారు, జబ్బులేని వాళ్ళు కూడా కళ్ళె పరీక్షకు బారులు తీరతారు. పైకెత్తితే వరస తగ్గుతుంది, కొందరు రోగులు జారిపోతారు. మన దగ్గర పరీక్ష చేయగల శక్తి ఎంత, జబ్బు ఎంత ఉంది అన్నవి చూసుకుని జిల్లా అధికారులు తేల్చుకోవాల్సిన సంగతి ఇది. రంగు పడగానే “నీకు టీబీ ఉంది” అని వరండాలో పదిమంది ముందు అనకూడదు. ఆ క్యాంపులో అన్నారు. పెళ్ళీడు కూతురున్న మనిషి, తలొంచుకుని వెళ్ళిపోయాడు. కళ్ళె డబ్బా కూడా తీసుకోలేదు. ఎక్స్‌రే అనుమానించడానికే. తేల్చేది కళ్ళె పరీక్షే. ఇప్పుడు సీబీనాట్, గోవా కంపెనీ చేసిన ట్రూనాట్ లాంటి పరీక్షలున్నాయి. గంటా రెండు గంటల్లో క్రిమి ఉందో లేదో, రిఫాంపిసిన్ మందుకు లొంగుతుందో లేదో చెప్పేస్తాయి.

ఇంకో పెద్దమనిషికి అంకె బాగా పెద్దదొచ్చింది. రెండు ఊపిరితిత్తుల పైభాగాలూ ఎరుపే. కళ్ళె పరీక్షకు పంపుతూ టెక్నీషియన్ అమ్మాయి పేరు, ఆధార్, ఫోను నంబరు రాసుకుంది. అన్నీ ఉన్నాయి ఆ ఫారంలో, ఒక్కటి తప్ప. నేనే అడిగాను, “ఏం పని చేస్తావు పెద్దాయనా?” అని. “మార్కాపురం పలకల క్వారీలో చేశానయ్యా, ఒంట్లో సత్తువ ఉన్నంతకాలం” అన్నాడు. లోగడ రెండుసార్లు టీబీ మందుల కోర్సు వాడాడట, ఇంకో చోట. కళ్ళెలో ఎప్పుడూ ఏమీ రాలేదట. ఫిల్ము చూసి మొదలుపెట్టారట.

రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుంటే వచ్చే సిలికోసిస్ కూడా పైభాగాల్లోనే చుక్కలు చుక్కలుగా కనబడుతుంది. క్షయను పోలి ఉంటుంది. పైగా సిలికోసిస్ ఉన్నవాళ్ళకు క్షయ వచ్చే ముప్పు మామూలు వాళ్ళకంటే ఎక్కువ. కాబట్టి రెండిట్లో ఏదీ కొట్టిపారేయడానికి లేదు. పలకలు, గ్రానైటు, సున్నపురాయి మీద బతికే మా ప్రాంతంలో ఈ ఒక్క ప్రశ్న అడగకుండా ఛాతీ ఎక్స్‌రే చదవడమంటే సగం చదవడమే. మా ఛాతీ డాక్టరుగారు ఫిల్ము వ్యూబాక్సు మీద పెట్టకముందే అడిగేవారు, ఏ ఊరు, ఏం పని, ఇంట్లో ఎవరికైనా దగ్గుందా, పొగ తాగుతావా అని. తర్వాత వీపు మీద వేళ్ళతో కొట్టి చూసేవారు. అప్పుడు ఫిల్ము. ఆ సాఫ్ట్‌వేరుకు పలకల క్వారీ అంటే తెలియదు. మనం చెప్పలేదు, అది అడగలేదు.

యంత్రం ఏం చూసి నేర్చుకుంటుందో కూడా జాగ్రత్తగా చూడాలి. అమెరికాలో 2018లో ఒక అధ్యయనం వచ్చింది. న్యుమోనియా పట్టుకోవడానికి నేర్పిన యంత్రం, బొమ్మ ఏ ఆసుపత్రిలో తీశారో కనిపెట్టేసిందట. ఆ ఆసుపత్రిలో న్యుమోనియా రోగులు ఎక్కువ కాబట్టి దాన్నే ఆసరా చేసుకుందట. ఎలా కనిపెట్టిందంటే, అది చూసిన వాటిలో బొమ్మ మూల టెక్నీషియన్ పెట్టే సీసపు అక్షరం కూడా ఉంది, కుడి పక్కా ఎడమ పక్కా అని తెలియడానికి పెట్టేది. నా సర్వీసంతా జేబులో పెట్టుకు తిరిగిన అక్షరం అది! వేరే ఆసుపత్రి బొమ్మలు చూపిస్తే ఆ యంత్రం తడబడింది. అందుకే అంటున్నాను: ఎక్కడో నేర్చుకున్న యంత్రాన్ని మన జిల్లాకు తెచ్చినప్పుడు, మన క్వారీ కూలీల బొమ్మల మీద, మన చేనేత, పొగాకు బ్యారన్ పనివాళ్ళ బొమ్మల మీద ముందు పరీక్షించి చూడాలి. పరీక్షించాక వచ్చిన ఫలితాన్ని బయటపెట్టాలి.

కంప్యూటర్లు త్వరలోనే మనుషులకంటే బాగా చదివేస్తాయి కాబట్టి ఇక రేడియాలజిస్టులను తయారుచేయడం ఆపేయమని 2016లో కృత్రిమ మేధ శాస్త్రవేత్త జెఫ్రీ హింటన్ అన్నారు. తర్వాత ఆయనకు భౌతికశాస్త్రంలో నోబెల్ కూడా వచ్చింది, 2024లో. పెద్దాయన మాట నిజం కాలేదు. రేడియాలజిస్టుల కొరత ఇప్పటికీ చాలా దేశాల్లో ఉంది. అలాంటి మాటలు విని మన ఆఫీసుల్లో ఖాళీ పోస్టులు నింపకుండా కూర్చుంటారని నా భయం. టెక్నీషియన్ పోస్టు ఖాళీగా ఉంటే, మిషనుకు గుడ్డ కప్పి ఉంచిన గదులు నా సర్వీసులోనే చూశాను.

ఉన్నవాళ్ళ చూపు మొద్దుబారడం ఇంకో బెంగ. పోలండులో పెద్దపేగులోకి కెమెరా పంపి చూసే డాక్టర్ల మీద 2025లో ఒక అధ్యయనం వచ్చింది. కృత్రిమ మేధ సాయానికి అలవాటుపడ్డాక, ఆ సాయం లేకుండా చేసిన పరీక్షల్లో క్యాన్సర్‌గా మారగల గడ్డలను పట్టుకోవడం 28.4 శాతం నుంచి 22.4 శాతానికి పడిపోయింది. కంటికి పని లేకపోతే కన్ను మరిచిపోతుంది. చిన్న డాక్టర్లకు నా మనవి: ముందు మీ కళ్ళతో బొమ్మ చూడండి, మీకేమనిపించిందో కాగితం మీద రాయండి, ఆ తర్వాత యంత్రం మాట చూడండి.

వైద్యంలో కొత్తదనమంటే తెరలూ తీగలూ అనుకుంటున్నారు ఇప్పటివాళ్ళు. క్షయ చరిత్రలో ప్రపంచాన్ని మార్చిన కొత్తదనం మన పక్కనే, మద్రాసులో జరిగింది. అంతకుముందు క్షయ అంటే మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం లాంటి శానిటోరియంలో మంచం దొరకాలి. దొరికినవాడు అదృష్టవంతుడు. 1956లో మద్రాసులో మొదలుపెట్టి, కొందరు పేద రోగులకు శానిటోరియంలో, కొందరికి వాళ్ళ ఇరుకిళ్ళలోనే మందులిచ్చి చూశారు. ఇంట్లో ఉండి మందులు వాడినవాళ్ళకూ దాదాపు అంత బాగానే నయమైందని 1959లో ప్రకటించారు. వాళ్ళ కుటుంబాల్లో మిగతావాళ్ళకు అదనంగా ముప్పేమీ రాలేదని కూడా తేలింది. ప్రపంచమంతా క్షయ రోగులను ఇంటికి పంపింది ఆ తర్వాతే. అది కుదిరిందంటే కారణం ఇంటింటికీ తిరిగిన హెల్త్ విజిటర్లు. మాత్రలు లెక్కపెట్టి చూశారు, మింగారో లేదో మూత్రం పరీక్ష చేసి తెలుసుకున్నారు.

మా ఆసుపత్రిలోనూ అలాంటి మనిషి ఒకాయన ఉండేవాడు. కార్డుల పెట్టె చూసుకుని, తేదీకి రానివాడి ఊరికి సైకిలేసుకుని వెళ్ళేవాడు. టీబీ ఆసుపత్రి మనిషి వచ్చాడని వీధిలో తెలిస్తే ఆ ఇంటికి అప్రతిష్ఠని, ఎరువుల కొట్టు నుంచి వచ్చానని చెప్పేవాడు. మాత్రలు పొలం గట్టు మీద ఇచ్చి మింగించి వచ్చేవాడు. ఇప్పుడు ఫోనుకు మెసేజి పోతోంది. ఆ ఫోను ఎవరి చేతిలో ఉంటుంది? చదువు రాని తల్లిది కొడుకు చేతిలో, కొడుకు హైదరాబాదులో. మందు మానేసేలా ఉన్న రోగులెవరో ముందే చెప్పే సాఫ్ట్‌వేర్లు కూడా వస్తున్నాయంటున్నారు. రానివ్వండి. చెప్పాక వెళ్ళే మనిషి ఉండాలి కదా, ఆ మనిషికి పెట్రోలు ఖర్చులు సమయానికి అందాలి కదా.

తిండి సంగతి కూడా చెప్పాలి. జార్ఖండ్‌లో క్షయ రోగులున్న కుటుంబాలకు నెలనెలా బియ్యం, పప్పులు ఇచ్చి చూశారు. కొత్తగా జబ్బు రావడం 39 శాతం తగ్గిందని 2023లో లాన్సెట్‌లో వచ్చింది. కళ్ళెలో క్రిమి కనబడే రకమైతే 48 శాతం తగ్గింది. ఏ యంత్రానికీ తీసిపోని ఫలితమిది. మన దగ్గర రోగికి నెలకిచ్చే పోషకాహార సొమ్మును 2024 నవంబరులో 500 నుంచి 1000 రూపాయలు చేశారు. మంచి పని. అది బ్యాంకు ఖాతాలో పడిందా అని మాత్రమే కాకుండా, పడాల్సిన నెలలోనే పడిందా అని అడిగేవాళ్ళు కావాలి.

ఎక్స్‌రేలు చదివే భారం యంత్రం తీసుకుంటోంది. మిగిలిన సమయం ఎవరిది అన్నదే నా ప్రశ్న. అది రోగిది. ఒక మనిషిని సరిగ్గా నిలబెట్టడానికి, పక్కకు పిలిచి నెమ్మదిగా చెప్పడానికి, ఏం పని చేస్తావని అడగడానికి ఆ నిమిషాలు వాడాలి. అదే వేళలో ఇంకో వందమందిని తోసేసి లెక్క పెంచుకుంటే, యంత్రం తెచ్చిన మేలంతా రిపోర్టుల్లోనే ఉంటుంది. క్యాంపు ఫారంలో ‘వృత్తి’ అని ఒక గడి పెట్టమని జిల్లా అధికారులను కోరుతున్నాను. పైసా ఖర్చు లేదు.

చదివే మీకు ఒక మాట. మీ ఊరికి ఎక్స్‌రే క్యాంపు వస్తే దగ్గు లేకపోయినా ఇంట్లో పెద్దవాళ్ళను తీసుకెళ్ళండి. రాతిపనో, దుమ్ము పనో చేసి ఉంటే అడగకపోయినా మీరే చెప్పండి. పాత ఫిల్ములుంటే వెంట తీసుకెళ్ళి చూపించండి. అనుమానం అన్నారని భయపడి పారిపోకండి, కళ్ళె డబ్బా తీసుకోండి. పరీక్షలూ మందులూ ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. అడగాల్సిందేమన్నా ఉంటే నిక్షయ్ టోల్‌ఫ్రీ నంబరు 1800-11-6666.